కొస తెలిసిన కథను మళ్లీ వినడం

మాంత్రికులు, మాయాద్వీపాలు ఉన్న సుదీర్ఘ ధారావాహికను రెండోసారి చదివే పాఠకుడికి మొదటిసారి ఆననివి ఆనుతాయి. ఏ మూడో భాగంలోనో ఊరికే పడి ఉన్న ఉంగరం చివర్లో ఒకరి ప్రాణం తీస్తుందని తెలుసు కనుక కన్ను దాని మీదే ఆగుతుంది. కథ చెబుతున్నదెవరు, ఏం దాస్తున్నారు అన్న అనుమానం కూడా అప్పుడే మొదలవుతుంది. ఇది అచ్చు పుస్తకం నేర్పిన అలవాటని చాలామంది నమ్మకం. 1954లో ‘చందమామ’లో దాసరి సుబ్రహ్మణ్యం ‘తోకచుక్క’ మొదలయ్యాక, సంచికలు దాచుకుని తిరగేసిన తరంతోనే అది మన ఇళ్లలోకి వచ్చిందంటారు. నేను ఒప్పుకోను. భూపాలపల్లి జిల్లా టేకుమట్ల నుంచి జనగామ, మహబూబాబాద్ దాకా, 2016 వరకూ వరంగల్ జిల్లాగా ఉన్న పల్లెల్లో, చదువు రాని శ్రోతలు ఈ పని తరాలుగా చేస్తూ వచ్చారు. కథకు కొస ఏమిటో వాళ్లకు ముందే తెలుసు. ఆ కథలు కట్టిందే కొస తెలిసినవాళ్ల కోసం.

ఈ సీమలో అందరికీ తెలిసిన కథ సమ్మక్కది. మేడారం ఇప్పుడు ములుగు జిల్లాలో ఉంది, 2019 దాకా భూపాలపల్లి జిల్లాలోనే ఉండేది. వేటకు పోయిన కోయదొరలకు అడవిలో పులుల నడుమ ఆడుకుంటూ ఒక పసిబిడ్డ దొరుకుతుంది. కన్నవాళ్లెవరో ఎవరూ చెప్పరు. ఆ బిడ్డ పెరిగి పగిడిద్దరాజును పెళ్లాడుతుంది. కరువులో కప్పం కట్టలేదని కాకతీయ సేన మీద పడితే కత్తి పడుతుంది. కొడుకు జంపన్న సంపెంగవాగులో పడి ప్రాణం వదులుతాడు. ఆమె గాయాలతో చిలకలగుట్ట ఎక్కి కనుమరుగవుతుంది. వెతకబోయిన వాళ్లకు కుంకుమ భరిణె దొరుకుతుందే తప్ప మనిషి దొరకదు. మొదటిసారి వినేవాళ్లకు ఆ మాయమవడం పెద్ద మలుపు. మళ్లీ వినేవాళ్లకు అది మొదట్లోనే చెప్పిన సంగతి. పుట్టుక చూపని కథ చావునూ చూపదు. అడవిలో దొరికిన బిడ్డ గుట్టలోకే పోతుంది, రెండుచోట్లా సాక్షి అడవి ఒక్కటే. ఈ జత మొదటి వినికిడికి దొరకదు. రెండేళ్లకోసారి మాఘంలో జాతర జరిగినప్పుడల్లా కథ మళ్లీ మళ్లీ చెవిన పడే చోట ఇది చిన్నపిల్లలకు కూడా తోస్తుంది.

కథకుడి సంగతి ఇంతకన్నా లోతైనది. ఈ ప్రాంతంలో చాలా కులాలకు వాటి పుట్టుక కథ చెప్పే ఆశ్రిత కులాలున్నాయి. పద్మశాలీలకు కూనపులివాళ్లు మార్కండేయ పురాణం చెబుతారు. ముదిరాజులకు కాకిపడగలవాళ్లు పాండవుల కథ చెబుతారు. గొల్లలకు మందహెచ్చులవాళ్లు కాటమరాజు కథ, మాదిగలకు డక్కలివాళ్లు జాంబపురాణం చెబుతారు. ఏ ఊళ్లో ఎవరికి కథ చెప్పే హక్కుందో ఆ కుటుంబాల మధ్య వాటాలుగా పంచుకునేవారు. కొన్నేళ్లకోసారి వచ్చి, అదే కథ చెప్పి, కట్టడి ప్రకారం త్యాగం పుచ్చుకుని పోయేవారు. అలా ఒక మనిషి తన జీవితంలో అదే కథను బాల్యంలో, పెళ్లయ్యాక, ముసలితనంలో వినేవాడు. ఒకే కథను ఇన్ని వయసుల్లో వినే ఏర్పాటు మరెక్కడైనా ఇంత పకడ్బందీగా ఉందేమో నాకు తోచదు.

ఈ కథకుల్లో కొందరు ముందు పెట్టుకుని కథ చెప్పే బొమ్మల పటాన్ని దగ్గరగా చూస్తే సంగతి తేటపడుతుంది. దాన్ని గీసే చేర్యాల నకాషీ చిత్రకారులు ఖద్దరు గుడ్డకు సుద్దమట్టి, చింతగింజల అంబలి, జిగురు కలిపి పూతపూసి ఆరబెడతారు. ఎర్రటి నేల మీద బొమ్మలు దిద్దుతారు. వెడల్పు సుమారు మూడడుగులు, పొడవు ముప్పై నలభై అడుగుల పైన కూడా ఉంటుంది. పూలతీగ అంచులతో అడ్డంగా అరలు, అరకో ఘట్టం. హైదరాబాద్‌లోని జగదీశ్ కమలా మిత్తల్ మ్యూజియంలో 1625 నాటి పటం ఉంది కనుక ఈ పనికి కనీసం నాలుగు శతాబ్దాల వయసు. కథకుడు పుల్లతో బొమ్మను చూపుతూ, చుట్ట విప్పుకుంటూ పోతాడు. కూనపులివాళ్ల కథలో భావనారుషి తామరనారతో నూలు తీసి దేవతలకు బట్ట నేస్తాడు. పులి ఆయనకు వాహనం. ఎదురొచ్చిన కాలవాసురుణ్ణి చంపితే వాడి నెత్తురు నుంచి, ఒంటి నుంచి రంగులు పుడతాయి. అది ఎరిగిన నేతగాడు తొలి అరలో తెల్లనూలు కనబడగానే రాక్షసుడి రాకను చూస్తాడు. రంగులేని బట్ట అక్కడ పరిచిన ఆనవాలు.

దీనికి ఒక గట్టి అభ్యంతరం ఉంది. ఈ వినడం భక్తి, ఆచారం, కులమర్యాద, పాఠకుడి పరిశీలనతో దానికేం పోలిక అని అడగవచ్చు. భక్తి ఉన్నమాట నిజమే. అయితే పరిశీలన కథ చెప్పే తీరులోనే ఉంది. ఒగ్గుకథలో ప్రధాన కథకుడి పక్కన వంతలుంటారు. వాళ్లు మాట అందుకుని ఊరుకోరు, ఎందుకట్లా అని అడుగుతారు, నమ్మనట్టు నిలదీస్తారు, తెలిసిన జవాబునే కథకుడి నోట రప్పిస్తారు. జనగామ జిల్లా మాణిక్యాపురం చుక్క సత్తయ్య ఆ కళను పెద్ద వేదికలకు ఎక్కించినప్పుడూ ఈ అడగడం, చెప్పడం పోలేదు. మళ్లీ వినేవాడి ప్రశ్నకు కథలోనే ఒక గొంతు ఉందన్నమాట.

రెండో అభ్యంతరం అచ్చు పక్షం నుంచి వస్తుంది. వెనక్కి తిప్పి చూసుకునే పేజీ లేనిదే ఆనవాళ్లు పట్టడం కుదరదంటారు. పింగళి సూరన ‘కళాపూర్ణోదయం’ దీనికి జవాబు. 16వ శతాబ్దపు ఆ కావ్యంలో కళాపూర్ణుడి పేరు మొదట్లోనే వినబడుతుంది, అతని కథ మాత్రం బయటపెట్టకూడని రహస్యంగా ఉండిపోతుంది. చాలా దూరం పోయాక, మెడలో మణిహారం పడగానే పూర్వజన్మ గుర్తొచ్చిన పసిపాప మధురలాలస ఆ ముడి విప్పుతుంది. ఆ కథ పుట్టింది బ్రహ్మ సరస్వతికి చెప్పిన మాటల్లో. దాన్ని విన్నది ఒక చిలక, ఆ చిలకే కలభాషిణిగా, తర్వాత ఈ పాపగా పుట్టింది. 1914లో ‘కవిత్వతత్త్వ విచారము’లో కట్టమంచి రామలింగారెడ్డి సూరన కథాకల్పనను ఎత్తి చూపారు. ఆ కల్పనంతా తెలుగుదేశంలో అచ్చు అడుగుపెట్టక ముందుదే, అందులో రహస్యాలు చేతులు మారేదీ చెవుల మీదుగానే. పటం ముందు కూర్చున్నవాడికైతే దాటిపోయిన అరలు కూడా బొమ్మలుగా ఉండనే ఉన్నాయి.

ఎవరి కథకుడు వాళ్ల కులాన్నే పొగుడుతాడు, అందులో కళేముంది అన్నది మూడో మాట. నాకు ఇక్కడే అసలు విలువ కనబడుతుంది. జాంబపురాణంలో భూమి కన్నా ముందు పుట్టినవాడు జాంబవుడు. బ్రాహ్మణుడితో వాదానికి దిగి, సృష్టిక్రమంలో ఎవరు ముందో తేలుస్తాడు. ఊళ్లో అందరికన్నా కింద ఉంచిన మనుషులు తమ వాకిట్లో ఈ కథ విని, మర్నాడు అదే ఊళ్లో ఇంకో పురాణం మాటలు వింటారు. రెండూ ఒకేసారి పూర్తి నిజం కాలేవు. చెప్పేవాడు ఎవరివాడో చూసుకోకుండా కథను నమ్మకూడదని ఈ శ్రోతలకు ఏ విమర్శకుడూ నేర్పనక్కర్లేదు. సమ్మక్క కథకూ ఇదే వర్తిస్తుంది. పుస్తకాల్లో, ప్రసారాల్లో వినబడే కథ ఒకటి. కోయల ఇలవేల్పుల పడిగెలు (బొమ్మల జెండాలు) ముందు పెట్టుకుని డోలీ గాయకులు పాడే వంశకథ మరొకటి. 2022లో పద్మశ్రీ పొందిన సకిని రామచంద్రయ్య ఆ రెండో పరంపరకు చెందిన గాయకుడు. ఆ పరంపరను పక్కన పెట్టి సమ్మక్క చరిత్ర రాస్తే, ఒక్క కథకుడి సాక్ష్యంతో తీర్పు చెప్పినట్టే.

ఇవాళ చేర్యాల బొమ్మ ఎక్కువగా ఒంటి చట్రంగా, ముఖాల బొమ్మగా గోడకు వేలాడుతోంది. నకాషీ కుటుంబాలకు అన్నం పెడుతున్నది అదే, కాబట్టి దాన్ని తప్పుపట్టను. కానీ తెల్లనూలు ఒక ఇంట్లో, కాలవాసురుడు ఇంకో ఇంట్లో వేలాడితే ఆనవాలుకూ దాని ఫలితానికీ మధ్య దారి తెగిపోతుంది. పాత పటాన్ని మ్యూజియంలో భద్రపరిచేటప్పుడు దాని ముందు పాడే కూనపులివాళ్ల కథనాన్ని మొదటి అర నుంచి చివరి అర దాకా, వంతలు అడిగే ప్రశ్నలతో సహా, ఒక్కసారి కాదు, ఇద్దరు ముగ్గురు వేర్వేరు కథకుల నోట రికార్డు చేయాలి. ఎవరు ఏ అర దగ్గర ఎక్కువసేపు ఆగారో, ఏది దాటేశారో అప్పుడే పోల్చి చూడగలం.