విచారణ లేని ఖైదు: స్నేహలతా రెడ్డి ఎనిమిది నెలలు

1976 ఏప్రిల్ 28న సుప్రీంకోర్టు ఒక తీర్పు చెప్పింది. ఎమర్జెన్సీ అమల్లో ఉన్నంతకాలం, ప్రభుత్వం ఎవరినైనా నిర్బంధిస్తే, అది అక్రమమని కోర్టుకెక్కే హక్కు లేదంది. అయిదుగురు న్యాయమూర్తుల్లో హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరే కాదన్నారు. నాలుగు రోజులు గడిచాయి. మే 2న నటి స్నేహలతా రెడ్డిని అరెస్టు చేశారు. అప్పుడు దేశంలో సైనిక పాలన లేదు, నిజమే. కాని కోర్టు తలుపులు మూసేశాక జైలుగదిలో ఉన్న మనిషికి ఆ తేడా ఏం తెలుస్తుంది?

ఆమెను తెలుగువాళ్లకు కొత్తగా పరిచయం చెయ్యాల్సి రావడమే నాకు బాధ. 1932లో తెలుగు నేల మీద, ఒక క్రైస్తవ కుటుంబంలో పుట్టారు. భర్త మన పఠాభి. నెల్లూరు తిక్కవరపు పట్టాభిరామరెడ్డి అంటే 1939లో ‘ఫిడేలు రాగాల డజన్’తో పండితులకు నిద్ర లేకుండా చేసిన కవి. పాత సినిమాలంటే ప్రాణం పెట్టేవారికి ‘పెళ్ళినాటి ప్రమాణాలు’ గుర్తుండే ఉంటుంది. దాని నిర్మాణంలోనూ ఆయన చెయ్యి ఉంది.

స్నేహలతది రంగస్థలం. 1955లో మొదలైన ‘మద్రాస్ ప్లేయర్స్’ వ్యవస్థాపకుల్లో ఆమె ఒకరు. 1970లో యు.ఆర్. అనంతమూర్తి కన్నడ నవల ‘సంస్కార’ను పఠాభి సినిమాగా తీస్తే అందులో చంద్రి వేషం కట్టారు. ఆచారం తప్పిన నారణప్ప చచ్చిపోతే, ఎవరు దహనం చెయ్యాలో తేలక అగ్రహారం తల పట్టుకుంటుంది. అతనితో కాపురం చేసిన చంద్రి ఒంటిమీది బంగారం ఒలిచి ముందు పెడుతుంది. చివరికి రాత్రివేళ దహనం జరిపించేదీ ఆమే. సెన్సారు వాళ్లు మొదట ఈ సినిమాను నిషేధించారు. తర్వాత దానికే జాతీయ ఉత్తమ చిత్రం బహుమతి వచ్చింది.

దంపతులిద్దరూ సోషలిస్టు నాయకుడు లోహియా అభిమానులు. ఎమర్జెన్సీ రాగానే అజ్ఞాతంలోకి వెళ్లిన సోషలిస్టు నేత జార్జి ఫెర్నాండెజ్‌కు ఆప్తులు. వంతెనలు, రైలు మార్గాలు పేల్చడానికి పన్నాగం పన్నారంటూ జార్జి మీద పెట్టిన బరోడా డైనమైట్ కేసులో పోలీసులు స్నేహలతనూ ఇరికించారు. జూన్ 10న జార్జి కలకత్తాలో దొరికిపోయారు. తర్వాత కోర్టులో వేసిన చార్జిషీటులో ఆమె పేరు లేదు. పేరు లేకపోతే వదిలిపెట్టాలి కదా? వదల్లేదు. విచారణ లేకుండానే నిర్బంధించే ‘మీసా’ చట్టం కింద అట్టే పెట్టారు. ఆ చట్టం కింద నేరం రుజువు చెయ్యాల్సిన పనే లేదు.

బెంగళూరు సెంట్రల్ జైల్లో ఎనిమిది నెలలు. ఆమెకు ముందునుంచీ ఉబ్బసం. ఇరుకు గది, ఆ గదిలోనే మరుగుదొడ్డి. జబ్బు ముదిరి స్పృహ తప్పే దాకా వచ్చినా సరైన వైద్యం అందలేదు. అదే జైల్లో ఉన్న సోషలిస్టు నేత మధు దండవతే, రాత్రుళ్లు ఆమె కేకలు తమకు వినిపించేవని తర్వాత రాశారు. ఊపిరాడని ఆ స్థితిలోనే ఆమె డైరీ రాశారు. కొత్తగా వచ్చిన ఆడ ఖైదీలను బట్టలు విప్పించి తనిఖీ చెయ్యడం, కొట్టడం చూసి తట్టుకోలేకపోయారు. నిరాహారదీక్ష పట్టారు. తిండి కాస్త మెరుగుపడింది, దెబ్బలు తగ్గాయి. ఆ ఆడవాళ్లకు పాటలు నేర్పారు, నాటకాలు ఆడించారు. స్నేహలత జీవితంలో నాకు అన్నిటికన్నా పెద్దగా కనిపించేది ఇదే. ‘సంస్కార’ కన్నా కూడా.

ప్రాణం మీదికి వచ్చాక, 1977 జనవరి 15న పెరోల్ మీద వదిలారు. 18న ఇందిరాగాంధీ ఎన్నికలు ప్రకటించారు. 20న స్నేహలత కన్నుమూశారు. జైల్లో పెట్టిన ప్రభుత్వమే ఆమెను చంపిందని నేను నమ్ముతాను. డైరీ ఆ ఏడాదే అచ్చయింది. బరోడా కేసును ఆ ఎన్నికల్లో గెలిచిన జనతా ప్రభుత్వం ఎత్తేసింది. జార్జి జైల్లోంచే ముజఫర్‌పూర్‌లో గెలిచి మంత్రి అయ్యారు.

మరి మనకెందుకు ఆమె గుర్తు లేదు? ఉత్తరాది కాంగ్రెస్‌ను ఊడ్చేసిన ఆ ఎన్నికల్లో ఆంధ్రప్రదేశ్ 42 స్థానాల్లో 41 కాంగ్రెస్‌కే ఇచ్చింది. నంద్యాల నుంచి నీలం సంజీవరెడ్డి ఒక్కరే జనతా తరఫున గెలిచారు. బెంగళూరు జైలు గోడల వెనక ఏం జరిగిందో ఇక్కడ ఎన్నికల ముచ్చట కాలేదు. విజయవాడలో గెలిచిందీ కాంగ్రెస్ అభ్యర్థే, గోడే మురహరి. ఒకప్పుడు ఆయనా సోషలిస్టే.