వేదాంతము చదివిన బోధకుడు

సూర్యాపేట ప్రాంతమున ఒక పిల్లవాడు వేదాంతము చదువబోవుచున్నాడన్నచో, సన్న్యసించునేమోయని పొరుగువారు జాలిపడవచ్చును. క్రైస్తవ దైవశాస్త్రమునకు పెద్దలు ఆ మాటనే ఎన్నుకొనిరి. మంచి పనియే చేసిరని నా అభిప్రాయము.

అబ్రహాం ఫ్రీసెన్ దొర దక్షిణ రష్యాలోని మెన్నొనైట్ శాఖకు చెందినవాడు. హాంబర్గులోని బాప్టిస్టు విద్యాలయమున దైవశాస్త్రము చదివి, 1890 ప్రాంతమున అమెరికన్ బాప్టిస్టు మిషను పక్షమున నల్లగొండకు వచ్చెను. కొలది యేండ్లకు అదే శాఖవాడైన హ్యూబర్ట్ దొర సూర్యాపేటలో నెలకొనెను. జర్మను భాషలో చదువు ముగించినవారు ఇచ్చట తెలుగు ఓనమాలతో మరల మొదలుపెట్టవలసి వచ్చెను.

వారికంటె ఎక్కువ దూరము నడిచినవారు ఈ పల్లెల బోధకులు. వీరిలో పెక్కుమంది తరతరములుగా బడి గడప తొక్కనీయబడని కులములవారు. నిజాం రాజ్యమున కచేరీ భాష మొదట పారసీ, 1884 మొదలు ఉర్దూ. వేదాంత పాఠశాల యున్నదో, ఆంగ్లేయుల ఏలుబడిలోని సముద్రతీరమున, రామాయపట్నమున. 1870 దశకమున వెలసిన ఆ పాఠశాలలో బోధన తెలుగున సాగెను. విద్యార్థుల భార్యలకును చదువు చెప్పుచుండిరి. ఇది చిన్న విషయము కాదు. కంఠస్థము చేసిన వాక్యమును వల్లించుట వేరు. అది ఎందుకట్లున్నదని ఎదుటివాడు అడిగినప్పుడు తడబడక నిలుచుట వేరు. పరులకు తలవంచి మాటలాడుటకు అలవాటుపడిన మనుష్యునికి ఆ చదువు మొదట ఇచ్చినది ఈ నిలుకడయే.

1964లో రాజమహేంద్రవరమున ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాల ఏర్పడినది. అంతవరకు రామాయపట్నమున బాప్టిస్టులు, లూథర్‌గిరిలో లూథరనులు, దోర్నకల్లులో దక్షిణ ఇండియా సంఘమువారు వేరువేరుగా చదువుకొనుచుండిరి. శిశువులకు బాప్తిస్మమిచ్చువారును, విశ్వసించిన పెద్దలను మాత్రమే నీట ముంచువారును అప్పుడు ఒకే బల్లపై కూర్చుండిరి. 1818లో స్థాపితమైన శ్రీరాంపూరు కళాశాల సంప్రదాయమున పట్టములు. అందు గ్రీకు, హీబ్రూ భాషలకు చోటు కలదు. 1970 దశకమున కళాశాల హైదరాబాదుకు తరలినది.

మిర్యాలగూడకో కోదాడకో తిరిగివచ్చిన బాప్టిస్టు పట్టభద్రుని యొద్దకు పెండ్లివారు వచ్చి, "అయ్యగారూ, మా కోడలు కాబోవు పిల్లకు పసితనముననే బాప్తిస్మమైనదట, మరల ముంచవలెనా?" అని అడిగిరనుకొందము. గ్రీకున ఆ పదమునకు ముంచుట యని అర్థమని అతడెరుగును. కళాశాలలో తన ప్రక్కనున్న లూథరన్ మిత్రుడు దానికేమి బదులు చెప్పెడివాడో అదియు నెరుగును. అట్టివాడు వెంటనే తీర్పు చెప్పడు. వారిని కూర్చుండబెట్టి, మొదట ఆ పిల్లనే పిలిపించి అడుగును.