ఉదజని

నూజివీడు మామిడి తోటల్లో కాపు దిగాక, తొలకరికి చెట్ల పాదుల్లో ఎరువు వేస్తారు. యూరియాలో 46 శాతం నత్రజని. ఆ మాట రైతు నోట ఇంకా బతికే ఉంది. దాని తోబుట్టువు ఉదజని మాత్రం పాఠ్యపుస్తకాల్లో ఉండిపోయింది. మనమంతా హైడ్రోజన్ అనే అంటున్నాం.

ఉద అంటే నీరు, జని అంటే పుట్టుక. 1787లో ఫ్రెంచి శాస్త్రవేత్తలు గ్రీకు మాటలతో పెట్టిన పేరుకు అర్థం నీటిని పుట్టించేది. మన మాటలో ఇంకో అర్థం కూడా పలుకుతుంది: నీటి నుంచి పుట్టేది. నీటిలోకి కరెంటు పంపితే జరిగేది అదే. ఒక పలక దగ్గర ఉదజని బుడగలు సులువుగానే లేస్తాయి. ఆక్సిజన్ వచ్చే రెండో పలక దగ్గరే పని మందగిస్తుంది, కరెంటు వృథా అవుతుంది. క్షారం కలిపిన నీటిలో అక్కడ నికెల్ వాడతారు. ఆ నికెల్‌లో కాస్త ఇనుము కలిస్తే పని ఎన్నో రెట్లు చురుకవుతుంది. విడిగా ఏ ఒక్కటీ అంత చేయలేదు. ఎంత అందమైన సంగతి!

యూరియాకు మూలమైన అమ్మోనియా నత్రజని, ఉదజని కలిస్తేనే తయారవుతుంది. ఆ ఉదజని నేటికీ ఎక్కువగా సహజవాయువు నుంచే వస్తోంది. దాన్ని నీటి నుంచే తీసేందుకు అనకాపల్లి జిల్లా పూడిమడకలో ఎన్టీపీసీ హరిత హైడ్రోజన్ కేంద్రానికి 2025 జనవరి 8న శంకుస్థాపన జరిగింది. అక్కడి వార్తలు రాసేవాళ్లు ఉదజని అని రాయండి.