తాళం ఆపేది ఎంతసేపు?

మానుకోట (మహబూబాబాద్) పల్లెల్లో సైకిల్‌కు ఒకప్పుడు ఊరి చూపే కాపలా. ఆ చూపు చేరని చోట ఏ తాళం వేయాలన్నది దాదాపు రెండున్నర శతాబ్దాల కథ.

నర్సింహులపేటలాంటి ఊళ్లో సైకిల్ ఎత్తుకుపోవడం తేలికే, అమ్ముకోవడమే కష్టం. ఏ సైకిల్ ఎవరిదో అందరికీ ఎరుకే. చైన్ కవరు మీద పెయింటుతో రాయించిన పేరు, సీటు కవరు రంగు, గీత కార్మికుడిదైతే క్యారియర్‌కు కట్టిన లొట్టి చూడగానే పోల్చుకుంటారు. పక్కనే ఉన్న ఇల్లెందు నుంచి ఐదుసార్లు గెలిచిన గుమ్మడి నర్సయ్య జనానికి సైకిల్ మీద తిరిగే ఎమ్మెల్యేగానే గుర్తు. అలాంటి మనిషి సైకిల్‌ను దొంగ ఎత్తుకుపోయినా కొనేవాడు దొరకడు.

సైకిల్ టాక్సీలు నడిచింది కూడా ఈ ఎరుక మీదే. గంట లెక్కన కిరాయికిచ్చే సైకిల్ మడ్‌గార్డు మీద షాపు పేరు, నంబరు ఉండేవి. తీసుకుపోయేవాడు ఎవరి కొడుకో షాపాయనకు తెలుసు. సినిమా హాలు దగ్గరా, రైల్వే స్టేషన్ దగ్గరా సైకిల్ స్టాండు ఉండేది. టోకెన్ చూపిస్తేనే బండి బయటికి వచ్చేది.

చిక్కు వచ్చేది ఊరు దాటాకే. తొర్రూరు బజారులోనో, మహబూబాబాద్ స్టేషన్ ముందో, శివరాత్రికి కురవి వీరభద్రస్వామి జాతరలోనో ఆపిన సైకిల్‌ను గుర్తుపట్టేవాళ్లుండరు. అక్కడ దానికున్న దిక్కు తాళమే.

51 గంటల పరీక్ష

ఆధునిక తాళం కథలో మొదటి పెద్ద మలుపు 1778. ఆ ఏడాది లండన్‌లో రాబర్ట్ బారన్ లివర్ తాళానికి పేటెంట్ తీసుకున్నాడు. లోపలి రేకుల్లో ఒక్కోదాన్ని తాళంచెవి సరిగ్గా దానికి తగిన ఎత్తుకే లేపాలి. ఎక్కువ లేపినా, తక్కువ లేపినా గడియ కదలదు. ఇప్పటికీ మన కప్పల మీద ‘6 లివర్లు’, ‘7 లివర్లు’ అని ముద్రించేది ఆ రేకుల లెక్కే. 1818లో జెరెమియా చబ్ ఇంకో అడుగు వేశాడు. ఎవరైనా దొంగచెవితో తెరవబోతే ఆయన తాళం బిగుసుకుపోయి, ఆ సంగతి యజమానికి తెలిసేలా చేస్తుంది.

జోసెఫ్ బ్రామా కంపెనీ అయితే తన తాళాన్ని పికడిల్లీలోని దుకాణం కిటికీలో పెట్టి, తెరిచినవారికి 200 గినీలు ఇస్తానని సవాలు చేసింది. దశాబ్దాల పాటు దాన్ని ఎవరూ తెరవలేకపోయారు. 1851లో మహా ప్రదర్శన కోసం లండన్ వచ్చిన అమెరికన్ ఆల్‌ఫ్రెడ్ హాబ్స్ ముందుగా చబ్ తాళాన్ని 25 నిమిషాల్లో తీశాడు. తర్వాత బ్రామా తాళం ముందు కూర్చుని, 16 రోజుల్లో మొత్తం 51 గంటలు శ్రమపడి దాన్నీ తెరిచాడు. లండన్ ఉలిక్కిపడింది. తెరుచుకోని తాళం లేదని ఆ రోజు తేలిపోయింది. అయితే దొంగకు 51 గంటలు ఎవరిస్తారు? తాళం గొప్పతనాన్ని అది నిలిచే సమయంతోనే కొలవాలని హాబ్స్ తనకు తెలియకుండానే చూపించాడు.

అలీగఢ్ నుంచి అంగడిదాకా

మన దేశంలో తాళాల ఊరు అలీగఢ్. ఇంగ్లండ్ నుంచి తాళాలు తెప్పించి అమ్మే జాన్సన్ అండ్ కంపెనీ 1870లో అక్కడ మొదలైంది. 1890లో చిన్న ఎత్తున తయారీ కూడా పెట్టింది. వకీలు వృత్తి వదిలేసిన అర్దేషిర్ గోద్రెజ్ 1897లో బొంబాయి లాల్‌బాగ్‌లో తాళాల కార్ఖానా తెరిచాడు. స్వాతంత్య్రం వచ్చాక సైకిళ్ల తయారీ ఊపందుకుంది. 1949లో మద్రాసులో టీఐ సైకిల్స్, 1951లో సోనీపత్‌లో అట్లాస్, 1956లో లూథియానాలో హీరో వచ్చాయి. 2011 జనగణన నాటికి దేశంలో నూటికి 45 ఇళ్లలో సైకిల్ ఉంది.

ఆ సైకిళ్లలో చాలావాటికి దక్కింది వెనక చక్రం మీద ఫ్రేముకు బిగించే గుండ్రటి తాళం. మీట లాగితే కడ్డీ పుల్లల మధ్య నుంచి దూరి అవతలి వైపు చేరుతుంది. తెరిచి ఉన్నంతసేపు తాళంచెవి అందులోనే ఉంటుంది కాబట్టి పోగొట్టుకోవడం తక్కువ. వేయడానికి రెండు క్షణాలు చాలు. లోపం ఒక్కటే, కానీ పెద్దది. అది చక్రం తిరగకుండా ఆపుతుందే తప్ప సైకిల్‌ను దేనికీ కట్టదు. భుజాన వేసుకున్నా, ట్రాలీ ఆటోలో పడేసినా తాళంతో సహా పోతుంది.

పెన్నుకు లొంగిన ఉక్కు

కట్టేసే తాళాల్లో పేరు పడింది ‘U’ ఆకారపు ఉక్కు కడ్డీ ఉండే యూ-లాక్. 1971లో అమెరికాలో మైకేల్ జేన్ స్థాపించిన క్రిప్టోనైట్ కంపెనీ దీన్ని ఇంటింటా తెలిసిన పేరు చేసింది. మరుసటేడు న్యూయార్క్‌లోని గ్రీనిచ్ విలేజ్‌లో ఒక సైకిల్‌ను ఈ తాళంతో స్తంభానికి కట్టి 30 రోజులు వదిలేశారు. ఊడదీయగలిగిన భాగాలన్నీ పోయాయి, తాళం మాత్రం ఊడలేదు. కంపెనీ దాన్ని విజయమని చెప్పుకుంది. సైకిల్ ఉన్నవాడు నేర్చుకోవాల్సింది ఇంకొకటుంది: తాళం పట్టుకోని భాగమేదీ మనది కాదు.

2004లో అదే కంపెనీకి దెబ్బ తగిలింది. గొట్టం ఆకారపు తాళంచెవితో పనిచేసే తన తాళాలు మామూలు బాల్‌పెన్ను గొట్టంతో తెరుచుకుంటున్నాయని ఇంటర్నెట్‌లో వీడియోలు వచ్చాయి. లక్షల్లో తాళాలు మార్చి ఇవ్వాల్సి వచ్చింది. కడ్డీ ఎంత లావున్నా, చెవి దూరే రంధ్రం బలహీనమైతే అంతా వృథా.

మన అంగట్లో ఏది?

నంబరు తిప్పే సన్నని కేబుల్ తాళం చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. లోపల ఉన్నది సన్న తీగల పురి, చేతి కట్టరుకు క్షణాల పని. కళ్లెదుట ఆపుకుని టీ తాగడానికి తప్ప పనికిరాదు. గొలుసు కొంటే లింకులు లావుగా, గట్టిపరచిన ఉక్కుతో ఉండాలి. దానికి వేసే కప్ప కూడా అంత గట్టిదే కావాలి. గొలుసును నేలకు ఆననివ్వకూడదు. నేల మీద పెట్టి కొడితే తెగడం తేలికవుతుంది. యూ-లాక్ అయితే లోపల ఖాళీ తక్కువ మిగిలేలా బిగించాలి. ఆ సందులోనే దొంగ గునపం దూరుస్తాడు.

నట్లతో చక్రాలు బిగించిన పాత సైకిల్‌కు గుండ్రటి తాళంతోపాటు ఫ్రేమును స్తంభానికి కట్టే గొలుసు ఉంటే చాలావరకు సరిపోతుంది. రెండు రకాల తాళాలకు రెండు రకాల పనిముట్లు కావాలి, రెట్టింపు సమయం కావాలి. మీట తిప్పితే చక్రం ఊడే గేర్ల సైకిలైతే వెనక చక్రాన్నీ ఫ్రేమునూ కలిపి యూ-లాక్ వేయాలి, ముందు చక్రానికి గొలుసు చుట్టాలి.

ఖర్చు లేని జాగ్రత్త ఇంకొకటుంది. సీటు గొట్టం మీదో, పెడళ్ల ఇరుసు కిందో ఫ్రేము నంబరు చెక్కి ఉంటుంది. దాన్ని రాసిపెట్టుకుని, రసీదు దాచుకోవాలి. దొంగ దగ్గర పది సైకిళ్లు పట్టుబడితే అందులో మీది ఏదో చెప్పేది ఆ నంబరే.

2024 జూలై 1 నుంచి అమలవుతున్న భారతీయ న్యాయ సంహిత 303వ సెక్షన్ ప్రకారం దొంగతనానికి మూడేళ్ల వరకు జైలు ఉంటుంది. సొత్తు విలువ 5 వేల రూపాయలలోపు ఉండి, తొలిసారి దోషిగా తేలినవాడు దాన్ని తిరిగి ఇచ్చేస్తే శిక్ష సమాజ సేవే. వాడిన సైకిళ్లు చాలావరకు ఆ లెక్కలోకే వస్తాయి. చట్టానికది చిన్న దొంగతనమే. తెల్లారకముందే సైకిల్ మీద తాటిచెట్లకు పోయే గీత కార్మికుడికి మాత్రం ఆ రోజు కూలి పోయినట్టే. సైకిల్ విలువలో పదో వంతు తాళానికి పెట్టమని చాలామంది చెబుతారు. వెయ్యి రూపాయల పాత బండి మీద ఇల్లు నడిచేవాడు ఆ లెక్క పక్కన పెట్టి, తన నాలుగు రోజుల సంపాదనను తాళం ధరగా చూసుకోవచ్చు. అది దండగ ఖర్చు కాబోదు.