తరాల ఓడ పుట్టుపూర్వోత్తరాలు

1977లో భూమిని విడిచిన వాయేజర్-1 ఇప్పటికీ సెకనుకు 17 కిలోమీటర్ల చొప్పున పరుగెడుతూనే ఉంది. సూర్యుణ్ణి పక్కన పెడితే మనకు అన్నిటికన్నా దగ్గరి చుక్క ప్రాక్సిమా సెంటారి. దాని దూరం 4.24 కాంతి సంవత్సరాలు. వాయేజర్ సరిగ్గా అటే పోతోందనుకున్నా, ఆ దూరం దాటడానికి 70 వేల ఏళ్లు చాలవు. అందుకే భూమికి ముప్పు వస్తే మనుషులు ఎక్కడికి పోతారన్న ప్రశ్న వచ్చినప్పుడల్లా కథకులు మూడు దారులు వెతికారు. ఒకటి, రెప్పపాటులో దూరాన్ని మింగేసే ఇంజను. రెండు, ప్రయాణికులను వందల ఏళ్లు నిద్రపుచ్చడం. మూడోది ఎక్కినవాళ్లు దారిలోనే ముసలివాళ్లై పోవడం, వాళ్ల పిల్లలు ఓడలోనే పుట్టి పెరగడం, ఎన్నో తరాలు గడిచాక ఎవరో ఒకరు ఒడ్డు చూడడం. ఈ మూడోదే తరాల ఓడ. దీని పుట్టుకను రాకెట్ శాస్త్రంలో వెతకడం పరిపాటి. దాని వేళ్లు వలసలో ఉన్నాయని నా వాదన. ఆ ఓడను నడిపేది ఇంజను కాదు, ఒక తరం మరో తరానికి చేసే అప్పగింత. ఈ మాటకు రుజువులు అమెరికా పత్రికల పాత సంచికల్లో ఎన్ని దొరుకుతాయో, సూరత్ పక్కన భేస్తాన్‌లోనూ అన్ని దొరుకుతాయి.

మొదటి ఆనవాలు పేరులోనే ఉంది. ద్రవ ఇంధన రాకెట్‌ను తొలిసారి ఎగరేసిన రాబర్ట్ గొడార్డ్ 1918 జనవరిలో కొన్ని కాగితాలు రాసి, కవరులో పెట్టి, సీలు వేసి దాచాడు. సూర్యుడు చల్లారే రోజుకు మానవజాతి వేరే నక్షత్రాలకు ఎలా తరలిపోవాలన్నది అందులోని ఆలోచన. దానికి ఆయన పెట్టుకున్న పేరులో ఉన్నది యాత్ర కాదు, విజయం కాదు, వలస. చిట్టచివరి వలస. పదేళ్ల తర్వాత 1928లో రష్యాలో త్సియోల్కోవ్‌స్కీ వేల ఏళ్లు సాగే ఓడను ఊహించి దాన్ని నోవా ఓడతో పోల్చాడు. మన మత్స్యావతార కథలో మనువు ఎక్కిన ఓడ దానికి వరసకు అన్నే. 1929లో జె.డి. బెర్నాల్ 16 కిలోమీటర్ల అడ్డుకొలత ఉన్న గోళంలో 20 నుంచి 30 వేల మంది కాపురముండే ఊరినే గీసి చూపాడు. ఈ ముగ్గురూ గాలి, నీరు, తిండి, ఇంధనం గురించి ఆలోచించారు. ఓడలో పుట్టిన బిడ్డకు ఆ ఓడ ఎందుకు పోతోందో ఎవరు చెప్పాలన్నది కథకులు వచ్చేదాకా పెద్ద ప్రశ్న కాలేదు.

వాళ్లు రావడం మాత్రం సూటిగా అక్కడికే వచ్చారు. 1940లో డాన్ విల్కాక్స్ రాసిన ఆరువందల ఏళ్ల ప్రయాణం కథలో నాయకుడు కెప్టెన్ కాదు, ఇంజనీరూ కాదు. అతని ఉద్యోగం సంప్రదాయాలకు కాపలా. నూరేళ్లకొకసారి నిద్ర లేస్తాడు, ఓడలో జనం ఎంత మారిపోయారో చూస్తాడు, బయల్దేరిన ఉద్దేశాన్ని మళ్లీ గుర్తు చేసి పడుకుంటాడు. లేచిన ప్రతిసారీ తన మాట వాళ్లకు మరింత పరాయిగా వినిపిస్తుంది. మరుసటి ఏడాది, 1941లో, రాబర్ట్ హైన్‌లైన్ ఇంకా లోతుకు వెళ్లాడు. ఆయన ఓడలో ఎప్పుడో తిరుగుబాటు జరిగి తెలిసినవాళ్లంతా పోయారు. మిగిలినవాళ్ల మనవలకు ఓడే విశ్వం. దానికి బయట అంటూ ఒకటుందంటే నమ్మరు. పుస్తకాలు భద్రంగానే ఉన్నాయి, చదవడమూ వచ్చు. రెండు వస్తువులు ఒకదాన్నొకటి ఆకర్షిస్తాయనీ, దూరం పెరిగితే ఆ ఆకర్షణ తగ్గుతుందనీ న్యూటన్ సూత్రంలో చదివి, ఇది ఇద్దరు ప్రేమికుల గురించి పూర్వీకులు చెప్పిన గూఢార్థం కాబోలని వ్యాఖ్యానం చెప్పుకుంటారు. అక్షరం పోలేదు, అర్థం పోయింది. తరాల ఓడ చరిత్రలో ఇంతకన్నా గుండె కలుక్కుమనిపించే సన్నివేశం నాకు కనబడదు. పుస్తకాన్ని అప్పగించినంత మాత్రాన చదువును అప్పగించినట్టు కాదని ఆ ఒక్క సన్నివేశం తేల్చేసింది.

ఇక్కడ ఒక తేడా చెప్పుకోవాలి. జాతిని కాపాడే ఓడల్లో తెచ్చే ఓడ ఒకటి, మోసే ఓడ ఒకటి. తల్లి దాస్యం తీర్చడానికి అమృతం తెచ్చిన గరుత్మంతుడిది, లక్ష్మణుడి ప్రాణం కోసం సంజీవని తెచ్చిన హనుమంతుడిది తెచ్చే పని. పోవాలి, సాధించాలి, గడువు లోపల ఇంటికి తిరిగి రావాలి. 1974లో జపాన్ టీవీలో మొదలైన అంతరిక్ష యుద్ధనౌక యమాటో ఈ కోవది. శత్రువుల బాంబులతో విషపూరితమైన భూమికి మిగిలింది ఒక్క ఏడాది. 1,48,000 కాంతి సంవత్సరాల అవతల ఇస్కందర్ అనే గ్రహంలో ఆ విషాన్ని విరిచే యంత్రం ఉంది. దాన్ని తేవడానికి వెళ్లే నౌకను, రెండో ప్రపంచ యుద్ధంలో 1945 ఏప్రిల్ 7న మునిగిన నిజమైన యమాటో యుద్ధనౌక శిథిలంలో కట్టినట్టు కథ. ఓడిపోయిన దేశం తన మునిగిన ఓడను కథలోనైనా లేపుకుంది. నాలుగేళ్లకు, 1978లో అమెరికాలో వచ్చిన బ్యాటిల్‌స్టార్ గెలాక్టికా రెండో కోవది. ఇల్లు పోయింది, తిరిగి రావడమన్న మాటే లేదు. మిగిలిన జనాన్ని మోసుకుంటూ భూమి అనే తెలియని ఊరు వెతుక్కుంటూ పోవడమే.

కథల్లో ఈ రెండూ వేర్వేరు. మనుషుల వలసలో మాత్రం తెచ్చే ఓడే, ఎవరూ చాటింపు వేయకుండా, మోసే ఓడగా మారిపోతుంది. ఫిజీ సంగతి చూడండి. 1879 నుంచి 1916 దాకా 60 వేల మందికి పైగా భారతీయులను అక్కడి చెరకు తోటలకు తీసుకెళ్లారు. 1903 నుంచి మద్రాసు రేవు మీదుగా తెలుగువాళ్లూ వెళ్లారు. ఒప్పందం అయిదేళ్లు. దాన్నే గిర్మిట్ అనేవారు. అయిదేళ్లు కష్టపడి నాలుగు డబ్బులు తెచ్చుకుందామని ఓడెక్కినవాళ్లలో చాలామంది అక్కడే ఉండిపోయారు. తిరిగి వస్తామనుకున్నవాళ్లు బడి కట్టాలనుకోరు కదా. దక్షిణాది పిల్లల కోసం బడులు నడిపిన సంగం 1926లో గాని ఏర్పడలేదు. తమిళంతోపాటు తెలుగూ నేర్పించాలని ఆ సంగం ఎంతో శ్రమపడింది. కానీ అప్పటికే ఓడలో పుట్టిన తరం వచ్చేసింది. ఇవాళ అక్కడి తెలుగు కుటుంబాల్లో ఎక్కువగా వినిపించే ఇంటి మాట ఫిజీ హిందీ. నా ఉద్దేశంలో తప్పు వాళ్ల అభిమానంలో లేదు, లెక్కలో ఉంది. తాము ఎక్కింది ఏ ఓడో వాళ్లకు చివరిదాకా తెలియలేదు.

భేస్తాన్ కథ కూడా అలాగే మొదలైంది. సూరత్‌కు దక్షిణాన, ఉధనాకీ సచిన్‌కీ మధ్య ముంబై రైలు మార్గం మీదున్న స్టేషన్ అది. చుట్టూ మరమగ్గాల షెడ్లు. చేమగ్గం కూడు పెట్టలేని రోజుల్లో కరీంనగర్, వరంగల్, నల్లగొండ వైపు నుంచి పద్మశాలీ కుటుంబాలు సోలాపూర్‌కు, భీవండికి, సూరత్‌కు తరలిపోయాయి. సిరిసిల్లలో సాంచాలు అనే మరమగ్గాలే ఇక్కడా వాళ్ల చేతి కిందికి వచ్చాయి. మొదట మగవాడు ఒక్కడే వస్తాడు, అప్పు తీరగానే పోదామని. తర్వాత ఇల్లాలు, ఆ తర్వాత పిల్లలు. మనవడి నాటికి ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, దుకాణంలో గుజరాతీ.

వింత ఏమంటే, ఈ నేల ఒకప్పుడు సాలెవాళ్లను బయటికి పంపిన నేల. దక్షిణ గుజరాత్‌ను పూర్వం లాట దేశమనేవారు. అక్కడి పట్టునేత శ్రేణి ఒకటి మాళవంలోని దశపురానికి, అంటే నేటి మధ్యప్రదేశ్ మంద్‌సౌర్‌కు, వలసపోయింది. నేతతో సంపాదించిన సొమ్ముతో క్రీ.శ. 436లో అక్కడ సూర్యుడికి గుడి కట్టింది. 473లో అదే శ్రేణి దాన్ని బాగు చేయించి, వత్సభట్టి చేత శాసనం రాయించింది. ఆ శాసనం దాచిపెట్టకుండా ఒక మాట చెబుతుంది: వచ్చినవాళ్లలో కొందరు విలువిద్య పట్టారు, కొందరు జ్యోతిషం నేర్చారు, కొందరు కులవృత్తిలోనే నిలిచారు. వృత్తి చీలినా శ్రేణి నిలిచింది, తామెక్కడి నుంచి వచ్చారో రాతిమీద చెక్కించుకుంది. విల్కాక్స్ కథలోని కాపలాదారు పనిని ఇక్కడ ఒక సంఘం చేసింది. మధురైలోని సౌరాష్ట్రులు ఇంకో సాక్ష్యం. గుజరాత్ వైపు నుంచి బయల్దేరిన ఆ పట్టు నేతగాళ్లు విజయనగరం మీదుగా తమిళ దేశం చేరి కొన్ని వందల ఏళ్లయింది. ఇప్పటికీ ఇంట్లో సౌరాష్ట్రీయే మాట్లాడతారు, అందులో మన తెలుగు మాటలు బోలెడు. నేత, గుడి, సభ, ఇంటి మాట అన్నీ ఒకే చోట ఉండబట్టి ఆ ఓడ మునగలేదు.

ఈ పోలికకు అభ్యంతరాలు వస్తాయని తెలుసు. భేస్తాన్ నుంచి రైలుంది, ఫోనుంది, పండక్కి ఊరెళ్లి రావచ్చు, చుక్కల మధ్య ఓడకు ఆ వీలెక్కడిది అంటారు. నిజమే. అయితే తాతకు రైలెక్కితే వచ్చేది తన ఊరు. అదే రైలు మనవడిని దింపేది తాత ఊళ్లో. దారి ఉండడం వేరు, ఆ దారిలో పోవడానికి కారణం ఉండడం వేరు. రెండో అభ్యంతరం బలమైనది: మనిషి బతికితే చాలదా, భాష మారడం సహజం కాదా? మారడం సహజమే. 2020లో మెకెంజీ, పన్‌స్కే అనే ఇద్దరు అమెరికా భాషావేత్తలు, తరాల ఓడలో భాష ఎంత దూరం జరగొచ్చంటే తర్వాతి ఓడలో వచ్చిన సొంతవాళ్ల మాటే అర్థం కాకపోవచ్చని వాదించారు. సౌరాష్ట్రి కూడా తెలుగునూ తమిళాన్నీ కలుపుకుని చాలా మారింది. నేను భయపడేది మార్పుకు కాదు, తెగిపోవడానికి. హైన్‌లైన్ ఓడలో జనం బతికే ఉన్నారు, కానీ చుక్కాని పట్టేవాడు లేడు. ఇక మూడోది, పుట్టని బిడ్డను అడగకుండా ఓడెక్కించే హక్కు ఎవరిదన్న ప్రశ్న. కిమ్ స్టాన్లీ రాబిన్సన్ 2015 నాటి అరోరా నవలలో ఓడలోని జనంలో కొందరు వెనక్కి తిరిగి భూమికే వచ్చేస్తారు. ఆ ప్రశ్నను నేను కొట్టిపారేయను. మధ్య తరాన్ని అడిగి ఎవరూ ఎక్కించలేదు కాబట్టే, తన దారి తాను ఎంచుకోవడానికి కావలసినదంతా దాని చేతిలో పెట్టడం ఎక్కించినవాళ్ల బాధ్యత. ఊరి మాట రాని పిల్లవాడికి ఊరికి తిరిగి వెళ్లే స్వేచ్ఛ కూడా ఉండదు.

ఆ చేతిలో పెట్టడం ఎలాగో నేతగాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు. మగ్గం మీద పడుగు అయిపోవస్తే పాత పోగులను పూర్తిగా లాగేయరు. అవి అచ్చులో ఉండగానే వెనక కొత్త పడుగు ఎక్కించి, వేళ్లకు కాస్త బూడిద అద్దుకుని, పాత పోగు కొసకు కొత్త పోగు కొసను మెలిపెట్టి అతుకుతారు. ఒక్కొక్కటిగా వేల పోగులు. ఒకరు కూర్చుంటే పూటలు గడిచిపోయే పని. ఆ తర్వాత మెల్లగా లాగితే అతుకులు అచ్చు దాటి ముందుకొస్తాయి, నేత సాగుతుంది. పాత కొసలు జారిపోతే మాత్రం ప్రతి పోగునూ మొదటి నుంచి అచ్చులోకి ఎక్కించాలి. భేస్తాన్‌లో తాతలు ఇంకా ఉన్నారు, మనవలకు వాళ్ల మాట ఇంకా అర్థమవుతోంది. అంటే కొసలు ఇంకా అచ్చులోనే ఉన్నాయి.

సూరత్ నగరపాలక సంస్థ ప్రాథమిక బడులు ఒక్క గుజరాతీలోనే నడవవు. మరాఠీ, హిందీ, ఉర్దూ, ఒడియా మాధ్యమాలతోపాటు తెలుగు మాధ్యమం బడులూ ఉన్నాయి. పరాయి రాష్ట్రంలో ఒక నగరం మన పిల్లల కోసం తన ఖర్చుతో తెరిచి ఉంచిన తలుపులవి. ఆ చుట్టుపక్కల ఉన్న తెలుగు తల్లిదండ్రులారా, పిల్లల్ని ఏ మాధ్యమంలో చదివించినా సరే, ఆ తెలుగు బడి నుంచి ఒక వాచకం ఇంటికి తెచ్చి, రోజుకొక పేజీ తాత పక్కన కూర్చోబెట్టి చదివించండి.