రాజ్యాంగము మారిననాడు న్యాయపీఠము

దివిసీమ రైతు దావా యొకటి 1950 జనవరి 26నాటికి బందరు జిల్లా కోర్టులో నడుచుచున్నదనుకొందము. ఆనాడు కొత్త రాజ్యాంగము వచ్చెను, 1935 నాటి ఇండియా చట్టము రద్దయ్యెను. మరి పాత జడ్జి తీర్పు చెల్లునా? మనకిది చిన్నమాటయే గాని, వ్యాజ్యగానికి భూమి పోయెడి మాట.

375వ అధికరణము కోర్టులన్నియు యథాప్రకారము పనిచేయవలెనన్నది. గుడివాడ డిస్ట్రిక్టు మునసబుకైనను, బందరు జిల్లా జడ్జికైనను కొత్త నియామకము అక్కరలేకపోయెను. మద్రాసు హైకోర్టువారికి 376వ అధికరణము మరికొంత మర్యాద చూపెను: ఇష్టములేనివారు తప్పుకొనవచ్చును, తక్కినవారు ఆ క్షణముననే కొత్త రాష్ట్రపు న్యాయమూర్తులు. ఫెడరల్ కోర్టువారు సుప్రీంకోర్టుకు మారిరి. విచారణలోనున్న కేసులును వారివెంటనే నడచెను.

1954 జులై 5న గుంటూరులో ఆంధ్ర హైకోర్టు వెలసెను. మద్రాసు న్యాయమూర్తి కోకా సుబ్బారావుగారు దానికి తొలి ప్రధాన న్యాయమూర్తులైరి. బందరు అప్పీళ్లు మద్రాసు మాని గుంటూరు దారి పట్టెను.