చేతి పనికి ఫొటోయే దుకాణం

సారపాక అనగానే ఐటీసీ పేపర్ మిల్లు గుర్తొస్తుంది. భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో, గోదావరికి ఇవతల ఒడ్డున, భద్రాచలానికి ఎదురుగా ఉన్న ఊరు ఇది. మిల్లు కంటే వెదురు పని ఈ అడవి అంచుకు చాలా పాతది. మేదరి కుటుంబాలు అల్లే బుట్టలు, చాటలు, తట్టలు ఇప్పటికీ సంతల్లో అమ్ముడవుతాయి.

సంతలో బుట్ట కొనేవాళ్లు దాన్ని చేతిలోకి తీసుకుని, అంచు నొక్కి, అడుగు తిప్పి చూస్తారు. వాట్సాప్‌లోనో, అమెజాన్‌లోనో కొనేవాళ్లకు ఆ వీల్లేదు. చెయ్యి చూసేదంతా ఫొటోనే చూపించాలి. అందుకే ఒక్క ఫొటో సరిపోదు. మొత్తం వస్తువు, అల్లిక దగ్గరగా, అడుగు భాగం, చేత్తో పట్టుకున్నప్పుడు ఎంత ఉంటుందో తెలిసేలా ఒకటి, ఇలా కనీసం నాలుగు కావాలి.

వెదురుకు వెలుగు పక్క నుంచి పడాలి. కిటికీ పక్కన, నేరుగా ఎండ తగలని చోట పెడితే ప్రతి బద్ద నీడ పక్క బద్ద మీద పడి అల్లిక లేచి కనిపిస్తుంది. ఫ్లాష్ వేస్తే అదంతా చదునైపోతుంది. వెనకాల ఒక తెల్లటి అట్ట వంచి పెడితే చాలు. మిల్లు ఊళ్లో అట్టకు కరువేముంది!

మన ఇళ్లలో పెళ్లిళ్లకు కొనే లక్క గాజులతో కష్టం ఎక్కువ. మోదుగ, రేగు లాంటి చెట్ల మీద పురుగుల వల్ల వచ్చే లక్కను బొగ్గుల సెగకు మెత్తబరిచి, గాజుగా మలిచి, రాళ్లు, అద్దాలు ఒక్కొక్కటీ చేత్తో అద్దుతారు. హైదరాబాద్ లాడ్ బజార్ ఈ పనికి ప్రసిద్ధి. హైదరాబాద్ లక్క గాజులకు 2024లో జీఐ గుర్తింపు వచ్చింది. అయినా మసక ఫొటోలో లక్క గాజు, రాళ్లు అంటించిన ప్లాస్టిక్ గాజు ఒకేలా మెరుస్తాయి. అలాంటప్పుడు కొనేవాళ్లు ప్లాస్టిక్ ధరే అడుగుతారు. నష్టం అక్కడే మొదలవుతుంది.

బల్బు కింద తీస్తే ప్రతి రాయి మీదా ఒక తెల్లటి చుక్క పడి రంగు చచ్చిపోతుంది. కిటికీకి పల్చటి తెల్ల దుపట్టా కట్టి, ఎదురు వైపు అట్ట నిలబెడితే మెరుపు మెత్తబడుతుంది. రాయి లక్కలో కూర్చున్న చోటు, గాజు లోపలి వైపు తప్పకుండా చూపించాలి. చేతి పని గుర్తులు అక్కడే ఉంటాయి. 2.4, 2.6 సైజు రాసినా, పక్కన స్కేలు పెట్టి ఒక ఫొటో తీయడం మంచిది. 2.4 అంటే రెండుంపావు అంగుళాలని చాలామందికి తెలియదు.

బిద్రీది ఇంకో తిప్పలు. జింకు, రాగి కలిపిన లోహం మీద వెండి పొదిగి, బీదర్ కోట మట్టితో నల్లబరిచే ఈ పనికి షా రషీద్ అహ్మద్ ఖాద్రీ 2023లో పద్మశ్రీ అందుకున్నారు. కెమెరా దేన్నైనా మధ్యరకం బూడిద రంగుకు లాగాలని చూస్తుంది. అందుకే నల్లటి బిద్రీ పాలిపోతుంది, తెల్ల అట్ట మురికిగా కనిపిస్తుంది. ఫోన్ తెర మీద వస్తువును తాకి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తును నలుపుకు కిందికి, తెలుపుకు పైకి జరిపితే సరి.

అమెజాన్‌లో మొదటి ఫొటోకు పూర్తి తెల్ల బ్యాక్‌గ్రౌండ్ ఉండాలి, వస్తువు ఫ్రేములో 85 శాతం నిండాలి. నూటయాభై రూపాయల బుట్టకు ఫొటోగ్రాఫర్‌ను పెట్టడం దండగ. నాలుగైదు కుటుంబాలు కలిసి ఒక రోజుకు పిలిపించుకుంటే మాత్రం గిట్టుబాటవుతుంది. ఫిల్టర్లు, రంగు దిద్దుళ్లు వద్దు. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫొటో అసలు వస్తువుకు సరిపోవాలి. తేడా వస్తే వస్తువు వాపసు తీసుకోవాల్సిందే, ఆ ఖర్చూ చాలాసార్లు అమ్మేవాళ్లదే.

డబ్బిచ్చి తీయించుకున్న ఫొటో ఎవరిది? వేరే ఒప్పందం లేకపోతే, 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం తీయించుకున్నవాళ్లదే. సరుకు తీసుకెళ్లే వ్యాపారి తన ఖర్చుతో తీయిస్తే ఆ హక్కు వ్యాపారికే పోతుంది. ఫొటోగ్రాఫర్ దగ్గర అసలు ఫైళ్లు అడిగి తీసుకోవాలి. వాట్సాప్‌లో ఫొటోగా పంపిస్తే సైజు తగ్గిపోతుంది, డాక్యుమెంట్‌గా పంపమనాలి.